సామర్లకోట దగ్గరి పాత కంపెనీ కాలపు తోట: ఏది ఎప్పటిదో తేల్చుకోవడం, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కాకినాడ, సామర్లకోట మధ్య ఒక పాత బంగ్లా, దాని చుట్టూ 2 ఎకరాల ఆవరణ మీ ట్రస్టు చేతికి వచ్చింది. లోపల ఒక పెద్ద నిద్రగన్నేరు, ఒక మహాగని, నాలుగు ముసలి మామిళ్లు, రెండు ఎర్రతురాయిలు, పూడిపోయిన మోటబావి, మట్టిలో అక్కడక్కడా తేలే ఇటుక వరసలు ఉన్నాయి. "రాక్స్‌బర్గ్ దొర తోట ఇదే" అని ఊళ్లో అంటున్నారు. కాంట్రాక్టరు మెక్సికన్ పచ్చిక, రాయల్ పామ్ వరస, నడుమ ఒక ఫౌంటెన్ వేసి "బ్రిటిష్ గార్డెన్" చేసి ఇస్తానని ఎస్టిమేట్ ఇచ్చాడు. ఒప్పుకోవాలా, వద్దా? వద్దంటే ఏం చేయాలి?

ఒప్పుకోకండి. ఖర్చు సంగతి తర్వాత. పచ్చిక కోసం నేల దున్ని ఆరంగుళాల ఎర్రమట్టి పోశారంటే, అక్కడ ఎప్పుడు ఏముండేదో చెప్పగలిగిన నేల పైపొర రెండు రోజుల్లో పోతుంది. ఆ మట్టి కింద వేళ్లకు గాలాడక ముసలి మామిళ్లు మూడు నాలుగేళ్లలో ఎండుతాయి. ఈ జూన్ నుంచి వచ్చే జూన్ దాకా ఒక్క మొక్క కూడా నాటకండి. ఆ ఏడాదంతా కొలవడం, గుర్తించడం, ఉన్న చెట్లను కాపాడటం. అంతే పని.

కంపెనీ తోట అంటే పూలతోట అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. ఉత్తర సర్కారులు 1760ల్లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. విలియం రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసుకు వైద్యుడిగా వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ వేసినవి మిరియం, కాఫీ, దాల్చిన, జాజికాయ, పట్టుపురుగుల కోసం మల్బరీ, అద్దకం రంగులిచ్చే మొక్కలు. ఏది ఈ నేలలో బతుకుతుంది, ఏది కంపెనీకి లాభం తెస్తుంది అనే లెక్క తేల్చడానికి వేసినవే అన్నీ. పక్కనే ఉష్ణోగ్రత, గాలి పీడనం కొలిచి రాసిపెట్టుకునేవాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే అది పార్కు కాదు, వ్యవసాయ పరిశోధనా కేంద్రం. మళ్లు, బోదెలు, పందిళ్లు, నారుమడి, బావి ఉంటాయి. ఫౌంటెన్‌కు అక్కడ పనేముంది?

ఈ తీరంలో ఆ పని అతనొక్కడితో మొదలైంది కాదు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు, కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో చనిపోయింది కాకినాడ జగన్నాథపురంలోనే. ఆ పదవి విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్‌కు వెళ్లింది, అతని తర్వాత 1789లో రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. ఈ మధ్యలో 1787 మే తుఫానుకు ఇంజరం దగ్గర సముద్రం పొంగి రాక్స్‌బర్గ్ పుస్తకాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. 1789 తర్వాత వరసగా కరవు. చిట్టీత (పొట్టి అడవి ఈత) మానులోని పిండి తిని జనం ప్రాణాలు నిలబెట్టుకున్న సంగతి అతను మొక్క వర్ణనలోనే రాశాడు. కరవులో ఆదుకునే చెట్లు నాటించాలన్న పట్టుదల అతనికి అక్కడే పుట్టింది. 1793లో అతను కలకత్తా శిబ్‌పూర్ తోటకు వెళ్లాక సామర్లకోట బాధ్యత కంపెనీ వైద్యుడు బెంజమిన్ హైన్‌ది. 1799లో టిప్పు పడిపోయి బెంగళూరు లాల్‌బాగ్ కంపెనీ చేతికి వచ్చాక హైన్‌ను అటు పంపారు. సామర్లకోటలో పనిచేసినవాళ్లే అటు కలకత్తా తోటకు, ఇటు బెంగళూరు తోటకు వెళ్లారన్నమాట. ఈ సంగతి మన దగ్గర చెప్పుకునేవాళ్లు తక్కువ.

మిరియం ఇక్కడ వ్యాపారంగా నిలబడలేదు. కారణం మీ ఆవరణలో మే నెలలో నిలబడితే తెలుస్తుంది. మిరియం తీగకు గాలిలో ఏడాది పొడవునా తేమ, వేళ్ల దగ్గర నీరు నిలవని నేల కావాలి. ఇక్కడ వేసవిలో పడమటి వడగాడ్పు, తుఫాను రోజుల్లో వేళ్లు మురిగే ముంపు. కలకత్తాలో టేకుది కూడా ఇదే కథ. 1787లో శిబ్‌పూర్ తోట మొదలుపెట్టిన రాబర్ట్ కిడ్ ఓడల కోసం టేకు పెంచాలనుకున్నాడు. హుగ్లీ ఒండ్రులో నీరు ఇంకక చెట్లు బాగుపడలేదు. చివరికి టేకు వేసిన ఆ భాగాన్ని 1820లో బిషప్స్ కాలేజీకి ఇచ్చేశారు. దొరల తోటల చరిత్రలో సగం ఇలా చచ్చిపోయిన మొక్కలదే. మీ బోర్డు మీద అదీ రాయండి.

నిలబడినది మాత్రం ఇక్కడివాళ్ల తెలివి. పెద్దాపురం, పిఠాపురం వైపు రైతులు చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో రాక్స్‌బర్గ్ వివరంగా రాసుకున్నాడు. అద్దకానికి ఎరుపునిచ్చే చిరివేరు ఇసుక నేలల్లో ఎలా పండిస్తారో, అంకుడు ఆకును వేడినీళ్లలో వేసి నీలిమందు ఎలా తీయవచ్చో కూడా. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయిన కోరమాండల్ మొక్కల పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. వాటికి మూలం ఇక్కడి చిత్రకారులు గీసిన బొమ్మలే. దానిలో చాలా మొక్కలకు తెలుగు పేరు రోమన్ లిపిలో ఉంటుంది. సోమిద చెట్టు సంగతి చూడండి. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందని, అది మహాగనికి చుట్టమని గుర్తించి రాక్స్‌బర్గ్ దాన్ని మహాగని ప్రజాతిలోనే చేర్చాడు. తర్వాత వృక్షశాస్త్రజ్ఞులు దానికి వేరే ప్రజాతి కట్టి పేరు "సోయ్‌మిడా" అన్నారు. మన సోమిదే అది. ఆ పుస్తకం స్కాన్ ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు నాటబోయే చెట్ల జాబితాకు ముందు తెరవాల్సింది నర్సరీ కేటలాగు కాదు, దాన్ని.

ఇక "ఇది రాక్స్‌బర్గ్ తోటేనా" అన్న ప్రశ్న. చెట్లను బట్టి అవునని చెప్పలేం. కాదని చెప్పడానికి మాత్రం చెట్లు బాగా పనికొస్తాయి. ఏ మొక్క మన దేశానికి ఎప్పుడొచ్చిందో తెలిస్తే, ఆ చెట్టు అంతకంటే పాతది కాలేదు. మీ నిద్రగన్నేరు అమెరికా చెట్టు, మనకు 19వ శతాబ్దం రెండో సగంలో వచ్చింది. రాక్స్‌బర్గ్ దాన్ని ఇక్కడ చూసి ఉండే వీలే లేదు. నాలుగడుగుల మందాన పెరగడానికి దానికి వందల ఏళ్లు అక్కర్లేదు కూడా, చాలా తొందరగా లావెక్కే చెట్టు. ఎర్రతురాయిది మడగాస్కర్. శాస్త్రలోకానికి అది తెలిసిందే 1820ల చివర. పైగా ఆ చెట్టు ఆయుష్షు సాధారణంగా యాభై అరవై ఏళ్లు, కాబట్టి మీ రెండూ బహుశా స్వాతంత్ర్యం తర్వాతవే. మహాగని కలకత్తాకు 1795లో వచ్చింది. మీది అప్పటిది కాకపోయినా, ఈ విదేశీ చెట్లలో పాతకాలంలో నాటినదై ఉండటానికి ఆస్కారమున్నది అదొక్కటే. బోగన్‌విలియా 1860 ప్రాంతం. యూకలిప్టస్ ఊటీకి 1843లోనే వచ్చినా కోస్తా మైదానంలో విరివిగా వేసింది 20వ శతాబ్దం రెండో సగంలో. స్తంభంలా నిటారుగా పెరిగే నరమామిడి, కోనోకార్పస్ అయితే నిన్నమొన్నటివి.

దీనికి తిరుగుడు పొరపాటు ఒకటుంది. "విదేశీ మొక్కలన్నీ దొరలవే" అని జీడిమామిడి, సీతాఫలం, జామ, దేవగన్నేరులను కూడా ఆ లెక్కలో వేస్తారు. ఇవి అమెరికా నుంచి పోర్చుగీసువాళ్ల కాలంలోనే దిగి, కంపెనీ వచ్చేసరికి మన పెరటి చెట్లయిపోయాయి. సర్కారు తుమ్మ సంగతి వేరు. 1877లో మన కడప జిల్లా కమలాపురం దగ్గర వంటచెరకు కోసం విత్తనాలు చల్లారు, ఇవాళ దాన్ని పీకలేక చస్తున్నాం. లాంటానా కూడా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు అందంగా ఉంటుందనే వచ్చింది. ఈ రెండూ మీ ఆవరణలో ఉంటే చరిత్ర పేరు చెప్పి ఉంచకండి. కంచె పక్కన ఒక మొక్కకు బోర్డు పెట్టాలనే సరదా వద్దు, గింజలు పిట్టలు, పశువులు మోసుకెళ్తాయి.

కాగితాల్లో ముందు రెవెన్యూ రికార్డు తీయండి. తహసీల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు, సర్వే విభాగంలో ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, పొలం కొలతల పుస్తకం) నకలు అడగాలి. పాత ఎఫ్.ఎం.బి.లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఒక లింకు 20.1 సెంటీమీటర్లు. బావి, కాలువ, బాట గుర్తులు దాంట్లో ఉంటే వాటిని నేల మీద టేపుతో పట్టుకోవచ్చు. కంపెనీ కాలపు జిల్లా ఉత్తరప్రత్యుత్తరాల కోసం చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనూ చూడాలి. అక్కడ రాజమండ్రి జిల్లా, తర్వాత గోదావరి జిల్లా పేర్ల కింద వెతకాలి. కాగితం దొరికేదాకా బోర్డు మీద రాక్స్‌బర్గ్ పేరు రాయకండి. "సామర్లకోట కంపెనీ తోట ఈ ప్రాంతంలో ఉండేది" అంటే అది నిజం, అది చాలు.

నేల మీద పని ఇలా. ఆవరణ మొత్తాన్ని 10 మీటర్ల గళ్లుగా కొయ్యమేకులు పాతి, ప్రతి గడికి ఒక నంబరు ఇవ్వండి. ప్రతి చెట్టుకు గడి నంబరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత, నాలుగు దిక్కులా కొమ్మల విస్తీర్ణం, తొర్రలు, ఎండుకొమ్మలు రాయాలి. మహాగనికి అడుగున వేళ్లు రెక్కల్లా లేచి ఉంటే వాటి పైన కొలవాలి, ఎంత ఎత్తులో కొలిచారో రాసుకోవాలి. చుట్టుకొలతను గుణించి వయసు చెప్పే సూత్రాలు నమ్మకండి. నీటి పక్క చెట్టు, గోడ పక్క చెట్టు ఒకే వయసులో రెండింతలు తేడాతో ఉంటాయి. మానుకు రంధ్రం వేసి వలయాలు లెక్కిస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. మన మైదానపు చెట్లలో ఏటేటా స్పష్టంగా వలయం పడేది టేకు లాంటి కొన్నిటికే. మిగతావాటికి ఆ రంధ్రం వల్ల కుళ్లు తప్ప లెక్క రాదు.

పాత బాటలు వెతకడానికి 12 మిల్లీమీటర్ల ఇనుప ఊచ, 70 సెంటీమీటర్ల పొడవు, ఒక చివర మొన, మరో చివర అడ్డపిడి చాలు. మొదటి వానలు పడి నేల మెత్తబడ్డాక, అనుమానమున్న చోట అడ్డంగా అడుగు అడుగుకూ దించండి. మట్టిలో ఊచ మెత్తగా దిగుతుంది, ఇటుక తగిలితే టక్కున ఆగి చేతికి అదురు తెలుస్తుంది, కంకర పరుపు మీద గరగరమని జారుతుంది. ఈ మూడు తేడాలు పావుగంటలో ఎవరికైనా అలవాటవుతాయి. వరసగా మూడు నాలుగు చోట్ల ఒకే లోతులో ఆగితే, అక్కడ అడ్డంగా అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు కందకం తవ్వి చూడాలి. పారతో కాదు, తాపీతో, పొరలు పొరలుగా. చెట్టు కొమ్మల నీడలో మాత్రం కందకం వద్దు. తీసిన ఇటుక కొలత, దాని మీద అచ్చు గుర్తు ఉందా లేదా ఫోటోతో సహా రాసి, ఇటుకను తిరిగి అక్కడే పెట్టి కప్పేయండి. ఇటుక తయారుచేసిన కంపెనీ పేరో, ముఖం మీద అచ్చు గుంటో ఉన్న ఇటుక సాధారణంగా తర్వాతి కాలపు మరమ్మతు.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మోటబావి. ఎద్దులు దిగే వాలు ఏ దిక్కుకుందో, నీళ్లు కుమ్మరించే తొట్టి నుంచి బోదె ఎటు పోతుందో చూడండి. నీళ్లు పల్లానికే పోతాయి కనుక తోట మళ్లు ఎటున్నాయో అదే చెబుతుంది. లెవెల్ పైపు (నీళ్లు నింపిన పారదర్శక ట్యూబు, 15 మీటర్లది చాలు) పట్టుకుని తొట్టి అంచు నుంచి ప్రతి 5 మీటర్లకు ఎత్తు రాసుకుంటూ పోతే, ఇటుక లేకపోయినా బోదె దారి కాగితం మీద గీత కడుతుంది. పూడిక తీసేటప్పుడు మనిషిని దింపే ముందు గాలి చూడాలి. చాలాకాలం మూసి ఉన్న బావిలో అడుగున ప్రాణవాయువు ఉండకపోవచ్చు. దీపం దించి చూడటం చాలదు, విషవాయువుంటే దీపం చెప్పదు. బ్లోయరుతో గాలి కొట్టించి, వాయువులు కొలిచే మీటరు, నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉంటేనే దింపండి.

ఇక చెట్లు. నాలుగు మామిళ్లకూ ముందు మొదళ్లు చూడండి. మాను నేలలోకి దిగే చోట వెడల్పుగా విచ్చుకోవాలి. స్తంభం పాతినట్టు నిటారుగా దిగుతోందంటే మీద మట్టి పడిందన్నమాట. ఆ మట్టిని తొలకరి పడ్డాక చేత్తో, చిన్న తాపీతో ఏడాదికి కొంచెం కొంచెంగా తీయాలి. వేసవిలో ఒకేసారి తీస్తే లేత బెరడు ఎండకు కాలి పగులుతుంది. మాను చుట్టూ సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టించండి, కానీ డ్రిల్లు యంత్రంతో కాదు, సుత్తి శానంతో. వేరు రక్షణకు లెక్క: మాను వ్యాసానికి 12 రెట్ల దూరం దాకా తవ్వకం, పునాది, బండ్ల రాకపోకలు ఉండకూడదు. మీ నిద్రగన్నేరు చుట్టుకొలత 3.6 మీటర్లు అనుకుంటే వ్యాసం 1.15 మీటర్లు, రక్షణ వలయం దాదాపు 14 మీటర్లు. కాంట్రాక్టరు ప్లానులో ఫౌంటెన్ ఈ వలయంలోనే పడుతుందేమో చూసుకోండి.

పెద్ద కొమ్మ తీయాల్సి వస్తే మూడు కోతలు. మొదలుకు అడుగున్నర దూరంలో కింది నుంచి మూడోవంతు లోతు, దానికి నాలుగంగుళాల అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మోడును కొమ్మ మొదట ఉంగరంలా ఉబ్బిన భాగం పక్కన. ఆ ఉబ్బును కోస్తే గాయం మానదు, మోడు వదిలేస్తే అది కుళ్లి కుళ్లు లోపలికి దారి తీస్తుంది. కింది కోత లేకుండా పైనుంచే కోస్తే కొమ్మ విరిగి పడుతూ మాను బెరడును అడుగుల కొద్దీ చీల్చుకుపోతుంది. మన ఊళ్లలో పాత మామిళ్ల మీద కనిపించే పొడుగాటి గాయాలు సగం ఇవే. తొర్రల్లో సిమెంటు నింపకండి. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, నడుమ బీట పడి నీళ్లు చేరతాయి. తారు పూయడమూ వద్దు. వానాకాలంలో మామిడికి కోత పడితే మాత్రం బోర్డో పేస్టు మంచిదే: మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో, కాల్చిన సున్నం 100 గ్రాములు అర లీటరు నీళ్లలో వేర్వేరుగా కలిపి, రెండూ ఒకేసారి మూడో పాత్రలోకి పోయాలి. ప్లాస్టిక్ పాత్ర కానీ మట్టి పాత్ర కానీ వాడాలి, ఇనుము కుదరదు. తర్వాత తోమిన కొడవలి మొన దాంట్లో ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపాలి. అలా చూడకుండా పూస్తే తుత్తం లేత బెరడును కాలుస్తుంది. అన్నట్టు, ఎండిన చెట్టైనా సరే కొట్టే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోండి.

మామిళ్ల మీద బదనిక ఉంటే అది అతుక్కున్న చోటు నుంచి ఒక అడుగు కిందికి కొమ్మతో సహా తీయాలి. ఆకులు దూసేస్తే మళ్లీ వస్తుంది. అసలు ఆ మామిళ్లు ఏ రకమో ఒక కాపు చూసి తేల్చుకోండి. కొత్తపల్లి కొబ్బరి, పండూరు మామిడి లాంటివి ఈ చుట్టుపక్కలవే. టెంక నుంచి మొలిచిన, పేరులేని చెట్టయితే ఇంకా విలువైనది. అలాంటిది ఇంకెక్కడా ఉండదు, ఆ చెట్టు పోతే ఆ రకమే పోతుంది. అందుకే నాటడం ఏడాది ఆపినా అంటు కట్టడం మాత్రం ఆపకండి. జూన్, సెప్టెంబరు మధ్య మూడు నాలుగు నెలల వయసున్న పెన్సిలు మందం చివరి కొమ్మలు ఎంచుకోండి. కోయడానికి 8 నుంచి 10 రోజుల ముందు ఆకులు కత్తిరించి తొడిమలు వదలండి. తొడిమలు రాలి మొగ్గ ఉబ్బిన రోజు కోయాలి. మొగ్గ విచ్చుకున్నాక కోస్తే అంటు పట్టదు. ఏడాది టెంక మొక్కకు జానెడు ఎత్తులో 5 సెంటీమీటర్ల ఏటవాలు చెక్కు తీసి, పుల్లకూ అంతే చెక్కు తీసి అమర్చాలి. మందాలు కలవకపోతే నడుమ పెట్టకుండా ఒక పక్క అంచులు కలపండి, ఎందుకంటే బెరడు కింది పచ్చపొర పచ్చపొరను తాకితేనే అతుకుతుంది. పల్చటి పాలిథిన్ పట్టీతో నీరు దిగకుండా కింది నుంచి పైకి చుట్టండి. మూడు నాలుగు వారాల్లో చిగురొస్తుంది. ఒక్కో చెట్టు నుంచి కనీసం పది అంట్లు కట్టి, సగం వేరే చోట పెంచండి. ఒకే తోటలో ఉంటే ఒకే తుఫానుకు పోతాయి.

ఇటుక గట్ల మరమ్మతుకు సిమెంటు వాడొద్దు. పాత చేతి ఇటుక మెత్తన, కోస్తా నేలలో ఉప్పు ఉంటుంది. తేమ సున్నపు అతుకులోంచి బయటకు పోతుంటే ఇటుక నిలుస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే ఉప్పు ఇటుక ముఖంలో పేరుకుని రెండు మూడేళ్లలో పొట్టు రాల్చుతుంది. గానుగ సున్నం 1 పాలు, సుర్ఖీ (ఇటుక పొడి) ఒకటిన్నర, కడిగిన నది ఇసుక ఒకటిన్నర. ఇటుకలు ముందురోజు నానబెట్టాలి, కట్టాక తడి గోనె కప్పి కనీసం రెండు వారాలు ఉంచాలి. గోడల్లో రావి, మర్రి మొలిస్తే పైన కోసి ఊరుకోకండి. వేరు ఉన్నంత మేర వరసలు విప్పి, వేరు తీసి, మళ్లీ పేర్చడమే దారి. యాసిడ్ పోస్తే వేరు కంటే ముందు సున్నం పోతుంది.

రెండో ఏడాది నాటడం మొదలు. మృగశిర కార్తెలో గోతులు, ఆరుద్రలో మొక్కలు. మీ దగ్గర మెట్ట ఎర్రనేల, డెల్టా బంకమట్టి రెండూ కలిసే ప్రాంతం కాబట్టి ముందు పరీక్ష చేయండి. రెండడుగుల గొయ్యి తీసి నీళ్లు నింపితే 24 గంటల్లో ఇంకాలి. ఇంకకపోతే లోతు గొయ్యి తీసి మంచి మట్టి నింపడం వల్ల అది కుండలా నీళ్లు పట్టి వేళ్లను కుళ్లబెడుతుంది. అక్కడ ఒకటిన్నర అడుగుల లోతు, నాలుగడుగుల వెడల్పు, పక్కలు గునపంతో గీరి, మొక్కను నేల కంటే అరడుగు ఎత్తు దిబ్బ మీద పెట్టాలి. మంచి నేలలో గొయ్యికి 15 నుంచి 20 కిలోల మాగిన పశువుల ఎరువు. నర్సరీ సంచిలో వేళ్లు అడుగున చుట్ట తిరిగి ఉంటే ఆ చుట్టను కోసి నాటండి. కోయకపోతే పదేళ్ల తర్వాత ఆ వేరే మానును నొక్కేస్తుంది, తుఫానులో చెట్టు మొదలంటా లేచిపోతుంది. కడియం నర్సరీల్లో దొరికే ఇరవై అడుగుల "రెడీ" చెట్లకు ఆశపడకండి. వేళ్లు కోసి గడ్డ కట్టినవి, 2014 హుద్‌హుద్ లాంటి గాలికి అవే ముందు పోతాయి. మూడడుగుల మొక్క ఐదారేళ్లలో వాటిని దాటుతుంది.

ఏం నాటాలి? కోరమాండల్ పుస్తకంలో తెలుగు పేరుతో ఉన్నవాటి నుంచి: సోమిద, బిల్లుడు, తనుకు, మోదుగ, నీళ్లు తేర్చే చిల్ల, ఇసుక నేల ఉన్న చోట చిట్టీత. వీటితోపాటు అంకుడు. పెద్దవాటికి 8 మీటర్ల ఎడం. సోమిద కడియంలో అడిగితే దొరక్కపోవచ్చు, అటవీ శాఖ నర్సరీలో ముందే చెప్పి విత్తనం పెట్టించుకోవాలి. బోదె పక్క రెండు మళ్లు ఖాళీగా ఉంచి ఒకదానిలో చిరివేరు, ఒకదానిలో చెరకు వేయండి. మిరియం తీగ ఒకటి మామిడి నీడన పెట్టండి. మేలో అది ఎలా వాడుతుందో పిల్లలు చూస్తారు, సామర్లకోట లెక్క ఎందుకు తప్పిందో ఏ బోర్డూ అంత బాగా చెప్పలేదు. నిద్రగన్నేరును, మహాగనిని, తురాయిలను కొట్టకండి. అవి చాలావరకు కంపెనీ తర్వాతి పొర, అవీ ఈ ఆవరణ చరిత్రే. తురాయి పడిపోయాక మాత్రం దాని చోట మళ్లీ తురాయి వద్దు.

పచ్చిక తప్పదంటే బంగ్లా ముందు 200 చదరపు మీటర్లు గరిక వేయండి. వేసవిలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్లు, అంటే రోజుకు 1,000 లీటర్లు. కాంట్రాక్టరు చెప్పినట్టు ఎకరం మెక్సికన్ పచ్చికకు అదే లెక్కన 20,000 లీటర్లు. మీ మోటబావి దానికి సరిపోదు, బోరు వేస్తే ఈ తీరంలో కొన్నేళ్లకు ఉప్పునీరు రావచ్చు, అప్పుడు మామిళ్లూ పోతాయి.

పేరు పలకలకు మేకులు కొట్టకండి. అల్యూమినియం రేకు మీద తెలుగు పేరు పైన, శాస్త్రీయ నామం కింద, పక్కన ఆ చెట్టు ఏ దేశానిది, ఎప్పుడొచ్చింది అని నొక్కించి, నేలలో పాతిన చిన్న ఊచకు బిగించండి. మాను మీదే కావాలంటే స్ప్రింగు ఉన్న తీగతో కట్టి, ఏటా సంక్రాంతికి ఒకసారి వదులు చేయాలి. మరిచిపోతే మూడో ఏడుకు తీగ బెరడులోకి దిగిపోతుంది.